రంగు విరిగిందా, దాక్కుందా: అద్దకపు నీళ్ల మీద బ్యాక్టీరియా, తెల్లకుళ్లు శిలీంధ్రాల ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు లక్ష్యం: అద్దకం నుంచి వచ్చే రియాక్టివ్ రంగుల (బట్ట పోగుతో రసాయన బంధం వేసుకునే రంగుల) నీళ్లను రెండు దశల్లో శుద్ధి చేసే బల్లమీది రియాక్టర్ కట్టడం. మొదటి దశలో ఆక్సిజన్ లేకుండా బ్యాక్టీరియా, రెండో దశలో గాలి అందుకుంటూ శిలీంధ్రం. ఈ పనిలో నీళ్లు తెల్లబడటం అంత కష్టం కాదు. బొగ్గుపొడి వేసినా, చచ్చిన బూజు వేసినా తెల్లబడతాయి. రంగు అణువు నిజంగా విరిగిందా, లేక నీళ్లలోంచి బూజులోకి మారి కూర్చుందా అన్నది తేల్చడమే అసలు పని. అందుకే ప్రతి దశలోనూ ఒకే ప్రశ్న: పోయిన రంగు ఎక్కడికి పోయింది? దీనికి లెక్క చూపలేని ఫలితాన్ని డైరీలో ఫలితంగా రాయడం లేదు.

రంగులు, నమూనా నీళ్లు

రెండు రంగులు ఎంచుకున్నాం. ఒకటి రియాక్టివ్ బ్లాక్ 5. ఇది రెండు అజో బంధాలు (రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య జంట బంధాలు) ఉన్న రంగు, అణుభారం దాదాపు 992, గరిష్ఠ శోషణం, అంటే వెలుతురును ఎక్కువగా పీల్చుకునే శిఖరం, 597 నానోమీటర్ల దగ్గర. రెండోది రెమజోల్ బ్రిలియంట్ బ్లూ ఆర్, అదే రియాక్టివ్ బ్లూ 19. ఇది ఆంత్రాక్వినోన్ (మూడు వలయాలు అతికిన అణువు) మీద కట్టిన రంగు, అణుభారం 626.5, గరిష్ఠం 592 దగ్గర. ఒకటి బ్యాక్టీరియాకు లొంగేది, ఇంకొకటి శిలీంధ్రానికి లొంగేది కాబట్టి పోల్చడానికి మంచి జత. కానీ రెండు శిఖరాల మధ్య తేడా 5 నానోమీటర్లే. ఒకే ఫ్లాస్కులో కలిపితే ఏది ఎంత తగ్గిందో స్పెక్ట్రోఫోటోమీటర్ చెప్పలేదు. అందుకని వీటిని విడివిడి ఫ్లాస్కుల్లోనే నడపాలి. మిశ్రమం కావలసిన చోట నలుపు బదులు రియాక్టివ్ ఆరెంజ్ 16 వాడుతున్నాం. దాని శిఖరం 494 దగ్గర ఉంటుంది, నీలంతో గొడవ పడదు.

కాంగో రెడ్, మిథైల్ ఆరెంజ్ ఎందుకు వద్దనుకున్నామో కూడా రాసి పెట్టాలి. ఈ రెండూ పీహెచ్ సూచికలు. కాంగో రెడ్ ఆమ్లంలో నీలమవుతుంది, మిథైల్ ఆరెంజ్ ఎర్రబడుతుంది. శిలీంధ్రం పెరిగేకొద్దీ మాధ్యమం ఆమ్లమవుతుంది కాబట్టి అణువు చెక్కుచెదరకపోయినా శిఖరం జరిగిపోతుంది, 'రంగు తగ్గింది' అనే తప్పుడు అంకె చేతికొస్తుంది. వాటినే వాడాల్సి వస్తే ప్రతి నమూనానూ ఒకే పీహెచ్‌కు బఫర్ చేశాకే చదవాలి.

సీసాలోని పొడిని తిన్నగా నీళ్లలో కలిపి పరీక్షిస్తే అద్దకపు నీళ్లను పరీక్షించినట్టు కాదు. కాలువలోకి వచ్చే రియాక్టివ్ రంగు అప్పటికే క్షార స్నానంలో ఉడికి, బట్టను పట్టుకునే చేతులు పోగొట్టుకున్న రంగు. ఆ స్థితికి తేవడానికి లీటరుకు 5 గ్రాముల రంగు కరిగించి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 12కి పెంచి, 80 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాలి. చల్లారాక పీహెచ్ 7కి దించాలి. దించేది సల్ఫ్యూరిక్ ఆమ్లంతోనే, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కాదు. దానితో వచ్చే క్లోరైడ్ తర్వాత లక్కేజ్‌కు, అంటే రంగును ఆక్సీకరించడానికి శిలీంధ్రం వదిలే ఎంజైముకు, అడ్డుపడుతుంది. పొడి సీసా మీద రంగు శాతం చూసుకోవడం మరవద్దు. రియాక్టివ్ బ్లాక్ 5 పొడి సగానికి కాస్త పైగా మాత్రమే రంగుగా దొరకడం మామూలే, మిగతాది ఉప్పు, కలిపిన ఇతర పదార్థాలు. 'లీటరుకు 100 మిల్లీగ్రాములు' అని రాసేటప్పుడు పొడి బరువా, శుద్ధ రంగు బరువా అన్నది పక్కన రాయకపోతే ఇంకొకరి అంకెలతో పోల్చలేం. ఇక్కడ రాసేవన్నీ శుద్ధ రంగు లెక్కే.

కొలత రేఖకు లీటరుకు 5, 10, 20, 30, 40 మిల్లీగ్రాముల ద్రావణాలు. అబ్జార్బెన్స్ (ద్రావణం ఎంత వెలుతురు పీల్చుకుందో చెప్పే అంకె) 1 దాటితే పలచన చేసి చదవాలి. నమూనాను వడపోత కాగితంతోనో నైలాన్ సిరంజి ఫిల్టర్‌తోనో వడకడితే రంగు ఫిల్టరుకే అంటుకుంటుంది, నైలాన్ ఈ ఆవేశమున్న రంగులను బాగా పట్టేస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 8,000 నుంచి 10,000 తిరుగుళ్ల దగ్గర 10 నిమిషాలు తిప్పి పైతేట తీసుకోవడమే నమ్మకమైన దారి.

ప్లేటు మీద వడపోత

మూడు తెల్లకుళ్లు శిలీంధ్రాలు: ట్రామెటీస్ వెర్సికలర్, ముత్యపు చిప్ప పుట్టగొడుగు (ప్లూరోటస్ ఆస్ట్రియేటస్), ఫానెరోకీట్ క్రైసోస్పోరియం. చెక్కలోని లిగ్నిన్‌ను విరగ్గొట్టడానికి ఇవి బయటికి వదిలే ఎంజైములు గురి చూసి కొట్టవు. ఎలక్ట్రాన్ లాగి రాడికల్ పుట్టిస్తాయి, ఆ తర్వాత అణువు దానంతటదే చీలుతుంది. లిగ్నిన్‌కు ఒకే ఆకారమంటూ లేదు, దాన్ని విరిచే ఎంజైముకు ఆకారంతో పట్టింపూ లేదు. కృత్రిమ రంగులు ఈ బూజులకు లొంగడానికి కారణం ఇదే.

మాధ్యమం మామూలు బంగాళదుంప డెక్స్‌ట్రోజ్ అగార్. లీటరుకు 200 గ్రాముల దుంపల కషాయం, 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 15 గ్రాముల అగార్. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి, 50 డిగ్రీలకు చల్లారాక 0.22 మైక్రాన్ల ఫిల్టరుతో శుద్ధి చేసిన నీలం రంగును లీటరుకు 200 మిల్లీగ్రాములయ్యేలా కలపాలి. ఫిల్టర్ పట్టేసుకునే రంగుకు లెక్కగా మొదటి కొన్ని మిల్లీలీటర్లు పారబోసి తర్వాతిది తీసుకోవాలి. బాగా పెరుగుతున్న ప్లేటు అంచు నుంచి 6 మిల్లీమీటర్ల బిళ్ల కోసి మధ్యలో పెట్టాలి. మొదటి రెండింటికీ 28 డిగ్రీలు, ఫానెరోకీట్‌కు 37.

చూడాల్సింది రెండు వ్యాసాలు: బూజు వ్యాపించిన వలయం, రంగు పోయిన వలయం. వీటి నిష్పత్తి ముఖ్యం. బూజు ప్లేటంతా కమ్మేసినా కింద అగార్ నీలంగానే ఉందంటే అది పెరుగుదల మాత్రమే. ప్లేటును తిరగేసి వెలుతురుకు పట్టి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. నిజంగా విరిచే జాతి కింద అగార్ మొదట ఊదాగా, తర్వాత లేత పసుపుగా మారుతుంది, బూజు పోగులు మాత్రం తెల్లగా ఉంటాయి. అగార్ తేలిపోయి పోగులు నీలంగా మారితే బూజు రంగును పీల్చుకుంటోందన్నమాట.

పుట్టగొడుగుల స్పాన్ (బూజు పట్టించిన ధాన్యం) గింజ నుంచి కల్చర్ తీస్తే బ్యాక్టీరియా వెంట రావడం ఖాయం. ప్లేటులో లీటరుకు 100 మిల్లీగ్రాముల క్లోరాంఫెనికాల్ కలిపి, అంచు పోగులను మాత్రమే తీసుకుంటూ రెండు మూడుసార్లు మార్చితే శుభ్రపడుతుంది. క్లోరాంఫెనికాల్ ఆటోక్లేవ్ వేడికి తట్టుకుంటుంది కాబట్టి ముందే కలపొచ్చు.

ఫానెరోకీట్‌ను ఇక్కడితో పక్కన పెట్టాం. శాస్త్రంలో దాని స్థానం పెద్దది, లిగ్నిన్ పెరాక్సిడేజ్‌ను 1983లో కనిపెట్టింది ఈ బూజులోనే. కానీ దాని ఎంజైములు నైట్రోజన్ కరువొచ్చినప్పుడే బాగా వెలువడతాయి. రియాక్టివ్ ప్రింటింగ్‌లో యూరియా వాడతారు, ఆ నీళ్లలో నైట్రోజన్‌కు కొదవుండదు. ట్రామెటీస్, ప్లూరోటస్‌లకు ఈ పట్టింపు తక్కువ. రియాక్టరుకు ట్రామెటీస్, పోలికకు ప్లూరోటస్ అని నిర్ణయం.

గుళికలు, రాగి, లక్కేజ్

ద్రవంలో బూజును గుళికలుగా పెంచాలి. లీటరుకు 20 గ్రాముల మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, పీహెచ్ 4.5, 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 100 మిల్లీలీటర్లు. ప్లేటు నుంచి తీసిన బూజును శుద్ధమైన నీళ్లలో బ్లెండర్‌తో ఐదేసి సెకన్ల చొప్పున ఆపి ఆపి కొట్టి, ఆ గుజ్జును 3 నుంచి 5 శాతం పరిమాణంలో వేయాలి. 28 డిగ్రీలు, షేకర్ వేగం నిమిషానికి 130. ఆపకుండా కొడితే బ్లెండర్ వేడెక్కి పోగులు చచ్చిపోతాయి. అసలు కొట్టకుండా బిళ్లలే వేస్తే ఫ్లాస్కులో నాలుగైదు పెద్ద ముద్దలు తయారవుతాయి. ముద్ద లోపలికి ఆక్సిజన్ చేరదు, నడిమి భాగం చచ్చి మెత్తబడుతుంది. దాన్ని కోసి చూస్తే లోపల బోలు, లేదా గోధుమరంగు గుజ్జు. 3 నుంచి 5 మిల్లీమీటర్ల గుళికలు సరైన పరిమాణం. వేగం పెంచితే గుళికలు చిన్నవవుతాయి కానీ ఒరిపిడికి పోగులు తెగి నీళ్లు చిక్కబడతాయి.

గుళికలను లీటరుకు 5 గ్రాముల గ్లూకోజ్, ఒక గ్రాము ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఉన్న మాధ్యమంలోకి మార్చి, మూడో రోజున కాపర్ సల్ఫేట్ వేస్తున్నాం. 100 మిల్లీమోలార్ నిల్వ ద్రావణం (లీటరుకు 25 గ్రాముల మైలుతుత్తం) నుంచి 100 మిల్లీలీటర్లకు 0.5 మిల్లీలీటర్ వేస్తే 0.5 మిల్లీమోలార్ అవుతుంది. ఒక్కో లక్కేజ్ అణువులో నాలుగు రాగి పరమాణువులుంటాయి, రాగి అందితే ఆ జన్యువు కూడా ఎక్కువగా పనిచేస్తుంది. మొదటి రోజే వేస్తే మాత్రం రాగి విషమై పెరుగుదలే ఆగిపోతుంది. బూజు నిలదొక్కుకున్నాకే వేయాలి.

లక్కేజ్ కొలత: క్యూవెట్‌లో పీహెచ్ 4.5 ఉన్న 0.1 మోలార్ అసిటేట్ బఫర్ 0.8 మిల్లీలీటర్, 5 మిల్లీమోలార్ ఏబీటీఎస్ (లక్కేజ్ ఆక్సీకరిస్తే నీలి ఆకుపచ్చగా మారే రసాయనం) 0.1, పైతేట 0.1. 420 నానోమీటర్ల దగ్గర నిమిషానికి అబ్జార్బెన్స్ ఎంత పెరుగుతోందో చూడాలి. మోలార్ శోషణ గుణకం 36,000. ఈ పరిమాణాలకు నిమిషపు పెరుగుదలను 278తో గుణిస్తే లీటరుకు ఎన్ని యూనిట్లో వస్తుంది. నిమిషానికి 0.5 కన్నా వేగంగా పెరిగితే నమూనాను పలచన చేయాలి, లేకపోతే సరళరేఖ దొరకదు. రంగు వేసిన ఫ్లాస్కు నుంచి తీసిన పైతేటకు ఏబీటీఎస్ లేని జత క్యూవెట్ కూడా చదవాలి. రంగు 420 దగ్గర కూడా కొంత పీల్చుకుంటుంది, అది మారుతూ కూడా ఉంటుంది.

నీలం: విరిగిందని ఎలా తేల్చాలి

లక్కేజ్ బాగా ఉన్న ఫ్లాస్కుల్లోకి నీలం రంగును లీటరుకు 100 మిల్లీగ్రాములు వేశాం. వీటితో పాటే నడిపే జత ఫ్లాస్కులు మూడు రకాలు: బూజు లేని రంగు నీళ్లు, ఆటోక్లేవ్ చేసిన చచ్చిన గుళికలు, గుళికలు తీసేసిన పైతేట మాత్రమే. మూడోది చాలామంది వదిలేస్తారు. కానీ బయటికి వదిలిన ఎంజైము ఒక్కటే పని చేస్తోందా, బతికున్న పోగులు అవసరమా అన్నది చెప్పేది అదే. నీలం విషయంలో వడకట్టిన పైతేట కూడా రంగును పోగొడుతుంది. ఆంత్రాక్వినోన్ రంగులను లక్కేజ్ నేరుగా ఆక్సీకరిస్తుంది.

చచ్చిన గుళికల ఫ్లాస్కు జాగ్రత్తగా చూడాల్సింది. అక్కడా రంగు తగ్గుతుంది, కొన్ని గంటల్లో ఒక స్థాయికి వచ్చి ఆగుతుంది, గుళికలు నీలంగా తేలుతాయి. బతికున్న ఫ్లాస్కులో కూడా మొదటి గంటల్లో గుళికలు నీలమవుతాయి, తర్వాత మెల్లగా తెల్లబడతాయి. ఆ తెల్లబడటమే పీల్చుకున్న రంగు కూడా విరిగిందనడానికి గుర్తు. చూపుతో ఆగకుండా, ప్రతి ఫ్లాస్కు నుంచి తడి గుళికలు తూచి, మిథనాల్‌లో రాత్రంతా నానబెట్టి, తర్వాత 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో మరోసారి కడిగి, దిగిన రంగును కొలుస్తున్నాం. వేసిన రంగు నుంచి నీళ్లలో మిగిలింది, గుళికల్లో దిగింది తీసేస్తే వచ్చేదే విరిగిన భాగం. ఈ తీసివేత చేయకుండా 'శాతం' రాయకూడదు.

స్పెక్ట్రమ్ కూడా సాక్ష్యం చెబుతుంది. 200 నుంచి 800 నానోమీటర్ల వరకు మొత్తం గీత తీయాలి. రంగు బూజుకు అంటుకుని తగ్గితే గీత ఆకారం మారదు, అన్ని శిఖరాలూ ఒకే నిష్పత్తిలో కుంగుతాయి. విరిగితే 592 దగ్గరి శిఖరం మాయమై 400 నుంచి 480 వరకు కొత్త మెట్టు లేస్తుంది. నీళ్లకు మిగిలే లేత గోధుమ పసుపు అదే. అందుకే ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచిన అంకె నీళ్ల అసలు రంగును దాచేస్తుంది. నీళ్ల రంగు కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7887 చెప్పినట్టు 436, 525, 620 మూడింటి దగ్గరా చదివి పక్కపక్కన రాస్తున్నాం. 620 దగ్గర సున్నాకు చేరిన నీళ్లు 436 దగ్గర మొదటికన్నా ఎక్కువ చూపిన సందర్భాలు ఉంటాయి.

నలుపు దగ్గర ఆగిన బండి

అదే బూజు, అదే లక్కేజ్, రియాక్టివ్ బ్లాక్ 5 మీద మందకొడిగా పని చేస్తుంది. కారణం ఎంజైము కొరత కాదు, ఆక్సీకరణ శక్తి చాలకపోవడం. మధ్యవర్తిగా సిరింగాల్డిహైడ్ 0.1 మిల్లీమోలార్ వేస్తే వేగం స్పష్టంగా పెరుగుతుంది. లక్కేజ్ దాన్ని ఆక్సీకరిస్తుంది, దాని రాడికల్ వెళ్లి రంగును కొడుతుంది. కానీ మధ్యవర్తి ఖర్చయిపోయే రసాయనం, దాని అవశేషాలు కూడా నీళ్లలోనే మిగులుతాయి. శుభ్రం చేయాల్సిన నీళ్లకు ఇంకో ఫినాల్ జోడించే దారి మాకు నచ్చలేదు. ప్లూరోటస్, బ్జెర్కాండెరా జాతుల వెర్సటైల్ పెరాక్సిడేజ్ ఈ నలుపును మధ్యవర్తి లేకుండానే ఆక్సీకరించగలదు, అయితే దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ సన్నటి ధారగా అందుతూ ఉండాలి, ఎక్కువైతే ఎంజైమే చచ్చిపోతుంది. అజో బంధాన్ని విరవడానికి ఇంతకన్నా తేలికైన దారి బ్యాక్టీరియా దగ్గరుంది.

ఆక్సిజన్ లేని సీసాలు

120 మిల్లీలీటర్ల సీరం సీసాలు, బ్యూటైల్ రబ్బరు మూతలు, అల్యూమినియం బిగింపులు. ఒక్కోదాంట్లో 90 మిల్లీలీటర్ల ద్రవం. లీటరుకు గ్లూకోజ్ ఒక గ్రాము, సోడియం బైకార్బనేట్ 2 గ్రాములు, అమ్మోనియం క్లోరైడ్ 0.25, పొటాషియం ఫాస్ఫేట్ 0.25, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 0.1, రంగు 100 మిల్లీగ్రాములు. జీవద్రవ్యం లీటరుకు 2 గ్రాముల లెక్కన వాయురహిత డైజెస్టర్ బురద. నైట్రోజన్ వాయువును ద్రవంలోకి 10 నిమిషాలు పంపి మూసేయాలి. 30 నుంచి 35 డిగ్రీలు. గ్లూకోజ్ పులిసి వాయువు పుడుతుంది, రోజూ సన్న సూదితో ఒత్తిడి వదలాలి. వదలకపోతే మూత ఎగిరిపోతుంది.

ఆక్సిజన్ పోయిందో లేదో చెప్పే రెజాజురిన్ గులాబీ రంగు ఈ నల్ల నీళ్లలో కనిపించదు. అందుకని రంగు లేని ఒక జత సీసాలో లీటరుకు ఒక మిల్లీగ్రాము రెజాజురిన్ వేసి అది చూసుకోవాలి. ఆక్సిజన్ లాగేయడానికి సిస్టీన్, సోడియం సల్ఫైడ్ లాంటివి వేయకూడదు. అవి బ్యాక్టీరియా లేకుండానే అజో బంధాన్ని రసాయనికంగా విరుస్తాయి, ఏది ఎవరి పనో తెలియకుండా పోతుంది.

ఎలక్ట్రాన్ల లెక్క ఇక్కడ చాలా విషయాలు తేల్చింది. ఒక్క అజో బంధాన్ని రెండు అమీన్లుగా (నైట్రోజన్ గుంపున్న ముక్కలుగా) పూర్తిగా విరవడానికి నాలుగు ఎలక్ట్రాన్లు కావాలి. రియాక్టివ్ బ్లాక్ 5కి రెండు బంధాలు, అంటే ఎనిమిది. లీటరుకు 100 మిల్లీగ్రాముల రంగు అంటే దాదాపు 0.1 మిల్లీమోల్, దానికి సరిపోయే ఆహారం సీఓడీ (పదార్థాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) లెక్కలో 6.5 మిల్లీగ్రాములే. మామూలు నీళ్లలో కరిగి ఉండే 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఒక్కటే అంతకన్నా ఎక్కువ తినేస్తుంది. లీటరుకు 50 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంటే అది 32 మిల్లీగ్రాములు తింటుంది. ఆక్సిజన్, నైట్రేట్ రెండూ రంగు కన్నా ముందు వరుసలో నిలబడతాయి. రంగు కదలడం లేదని గ్లూకోజ్ రెట్టింపు చేసేముందు నైట్రేట్ కొలవాలి, మూత సందులు చూడాలి. ఒక గ్రాము గ్లూకోజ్ 1,067 మిల్లీగ్రాముల సీఓడీ, రంగు అవసరానికి నూటయాభై రెట్ల పైనే. అవసరం లేకుండా పోసిందంతా తర్వాతి దశ మీద పడే భారమే.

నలుపు విరిగితే వచ్చే ముక్కలు తెలిసినవే. చివరి రెండు ముక్కలూ పారా అమైనోబెంజీన్ 2-హైడ్రాక్సీ ఈథైల్ సల్ఫోన్, నడిమి ముక్క 1,2,7-ట్రైఅమైనో 8-హైడ్రాక్సీ నాఫ్తలీన్ 3,6-డైసల్ఫోనేట్. ఈ నడిమి ముక్కే మోసం చేసేది. సీసాలో నీళ్లు లేత పసుపుగా ఉంటాయి, మూత తీసి క్యూవెట్‌లో పోసి పక్కన పెడితే కళ్లముందే మళ్లీ రంగు తిరుగుతుంది. పక్కపక్కన అమైనో, హైడ్రాక్సీ గుంపులుండటం వల్ల గాలి తగలగానే అది ఆక్సీకరణ చెంది కొత్త రంగు పదార్థమవుతుంది. ఇది పాత నలుపు తిరిగి రావడం కాదు, దాని స్పెక్ట్రమ్ వేరుగా ఉంటుంది. అయినా కాలువలో పడితే చూసేవాళ్లకు రంగు రంగే. అందుకని ప్రతి నమూనాకూ రెండు రీడింగులు. ఒకటి సూదితో తీయగానే లీటరుకు 200 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం ఉన్న బఫర్‌లోకి, ఇంకొకటి తెరిచిన గిన్నెలో గంటసేపు గాలికి కలియబెట్టాక. రెండో అంకెనే అసలు అంకెగా తీసుకుంటున్నాం.

రిబోఫ్లావిన్ కొద్ది మోతాదులో వేస్తే అది ఎలక్ట్రాన్లను కణాల నుంచి రంగుకు మోసుకెళ్లి వేగం పెంచుతుంది. సల్ఫోనేట్ గుంపులున్న పెద్ద రంగు అణువు కణంలోకి దూరలేదు కాబట్టి ఈ మోత అవసరం. వెలుతురుకు అది పాడవుతుంది, సీసాలకు రేకు చుట్టాలి.

రెండు దశలు కలపడం: ఉప్పు తెచ్చిన చిక్కు

వరుస ఇలా ఖరారైంది: ముందు బ్యాక్టీరియా, తర్వాత శిలీంధ్రం. తిప్పి పెడితే అజో బంధం విరిగి వచ్చిన అమీన్లు చివర్లో నీళ్లతో పాటే బయటికి పోతాయి. అమీన్లను తెరిచి విరవాలంటే ఆక్సిజన్ కావాలి, లక్కేజ్‌కు అవి మంచి మేత. కొన్ని విరగకుండా ఒకదానికొకటి అతుక్కుని గోధుమరంగు మడ్డిగా దిగుతాయి. ఆ మడ్డిని విడిగా తీసి తూచాలి, అదీ లెక్కలో భాగమే.

అద్దకానికి ఉప్పు కావాలి, లీటరుకు పదుల గ్రాముల్లో. మామూలు ఉప్పయితే క్లోరైడ్ లక్కేజ్‌ను అణుస్తుంది. గ్లాబర్ ఉప్పు, అంటే సోడియం సల్ఫేట్ అయితే లక్కేజ్‌కు బాధ తక్కువ, కానీ మొదటి దశలో సల్ఫేట్‌ను తినే బ్యాక్టీరియా దాన్ని సల్ఫైడ్‌గా మారుస్తాయి. ఇక్కడ ప్రమాదం ఉంది. శిలీంధ్రం కోసం ఈ నీళ్లను పీహెచ్ 5కి దించగానే సల్ఫైడ్ దాదాపు అంతా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా బయటికొస్తుంది. కొద్ది మోతాదులోనే ప్రాణం మీదికి తెచ్చే వాయువు ఇది, గాఢత పెరిగితే ముక్కుకు వాసన కూడా తెలియదు. ఆమ్లం కలిపే ముందు ఫెర్రస్ సల్ఫేట్‌తో సల్ఫైడ్‌ను నల్లటి ఐరన్ సల్ఫైడ్‌గా దించి, పైతేటను వేరు చేసి, ఆ తర్వాతే ఆమ్లం, అదీ ఫ్యూమ్ హుడ్‌లోనే. నల్ల మడ్డిని వేరు చేయకుండా ఆమ్లం పోస్తే మళ్లీ వాయువు లేస్తుంది. ఈ మడ్డి కూడా రంగును కొంత పట్టుకుంటుంది కాబట్టి దానికీ కడిగి కొలిచే పద్ధతి వర్తిస్తుంది.

ఆమ్లం కూడా మెల్లగా పోయాలి. అద్దకపు నీళ్లలోని సోడా యాష్ (సోడియం కార్బనేట్) ఒక్కో గ్రాముకు 0.93 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం పడుతుంది, కార్బన్ డయాక్సైడ్ బుసబుసమని పొంగుతుంది. పాత్రను సగానికి మించి నింపకూడదు.

రెండో దశ రియాక్టర్, అంటే శిలీంధ్రపు గొట్టం: 7 సెంటీమీటర్ల వ్యాసం, 40 సెంటీమీటర్ల ఎత్తు, మొత్తం 1.5 లీటర్లు, పని చేసేది ఒక లీటరు. లోపల ఒక సెంటీమీటరు పాలీయురేథేన్ స్పంజి ఘనాలు, రెండుసార్లు మరిగించి కడిగి ఆటోక్లేవ్ చేసినవి. ఆల్జినేట్ పూసలు ఈ నీళ్లకు పనికిరావు. సోడియం లోపలి కాల్షియాన్ని తోసేస్తుంది, ఫాస్ఫేట్, కార్బనేట్ దాన్ని లాగేస్తాయి, పూసలు ఉబ్బి జారుడుగా మారి విడిపోతాయి. గాలి కింది నుంచి నిమిషానికి అర లీటరు, 0.2 మైక్రాన్ల ఫిల్టర్ ద్వారా. గాలిరాయి రంధ్రాల్లోకి పోగులు పెరిగి మూసుకుంటాయి, బుడగలు ఒక్క పక్కనుంచే వస్తున్నాయంటే అదే సంగతి. రాయిని పక్క కవాటం ద్వారా తీసి మార్చేలా బిగించుకోవాలి. నీళ్ల ప్రవాహం గంటకు 42 మిల్లీలీటర్లు, అంటే ఒక రోజు నిలవ. గ్లూకోజ్‌ను రంగు నీళ్లలో కలిపి పెడితే గొట్టంలోకి చేరకముందే పైపుల్లోనే బ్యాక్టీరియా పెరుగుతుంది. చిక్కటి గ్లూకోజ్ వేరే సీసా నుంచి వేరే పంపుతో రావాలి.

స్టెరైల్ చేయని నీళ్లతో నడిపితే బ్యాక్టీరియా దాడి తప్పదు. లక్షణాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి: నీళ్లు మసకబారడం, గ్లూకోజ్ త్వరగా అయిపోవడం, లక్కేజ్ పడిపోవడం, పీహెచ్ 6 దాటి పైకి పాకడం. రంగు తగ్గడం ఆగిపోయేసరికి ఆలస్యమైపోయినట్టే, కాబట్టి రోజూ చూడాల్సింది పీహెచ్, లక్కేజ్. మొదటి లక్షణం దగ్గరే గ్లూకోజ్ ఆపి, గొట్టం ఖాళీ చేసి, పీహెచ్ 4.5 నీళ్లతో కడిగి, నైట్రోజన్ తక్కువున్న మేతతో మళ్లీ మొదలుపెడితే స్పంజి లోపలి బూజు కోలుకుంటుంది. స్పంజి బదులు చెక్క ముక్కలు పెడితే మేలనిపిస్తోంది. చెక్కను తిని బతకగలిగేది బూజే, చాలా బ్యాక్టీరియాకు అది చేతకాదు. అప్పుడు గ్లూకోజ్ కూడా తగ్గించుకోవచ్చు.

విషం తగ్గిందా

రంగు కొలతకు ఈ ప్రశ్నకు సంబంధం లేదు. కొన్ని అజో రంగులు విరిగితే వచ్చే బెంజిడిన్ లాంటి అమీన్లు క్యాన్సర్ కారకాలు. ఇక్కడ వాడిన రంగుల నుంచి బెంజిడిన్ రాదు, అయినా పరీక్ష తప్పదు. ముల్లంగి విత్తనాలు, 9 సెంటీమీటర్ల పెట్రీ ప్లేటులో వడపోత కాగితం, 5 మిల్లీలీటర్ల నమూనా, ప్లేటుకు 20 విత్తనాలు, మూడు ప్లేట్లు, చీకట్లో 25 డిగ్రీలు, ఐదు రోజులు. మొలకల శాతాన్ని సగటు వేరు పొడవుతో గుణించి, మంచినీళ్ల ప్లేటు అంకెతో భాగిస్తే మొలక సూచిక వస్తుంది. నమూనాలన్నీ ముందు పీహెచ్ 7కి తేవాలి. రంగు లేకుండా అంతే ఉప్పు ఉన్న నీళ్లతో ఒక ప్లేటు తప్పనిసరి. ఉప్పు ఒక్కటే వేరును కుదించేస్తుంది, ఆ ప్లేటు లేకపోతే నేరం రంగు ముక్కల మీద పడుతుంది. నమూనాల్లో మిగిలిన రాగి కూడా వేరును ఆపుతుంది. 0.5 మిల్లీమోలార్ అంటే లీటరుకు దాదాపు 32 మిల్లీగ్రాముల రాగి, మొక్కకు ఇది చాలా ఎక్కువ. రాగిని పెంపకపు ఫ్లాస్కులోనే వేసి, గుళికలు కడిగాకే గొట్టంలోకి మార్చడానికి ఇది ముఖ్య కారణం.

సీఓడీ కొలతలో క్లోరైడ్ తప్పుగా సీఓడీలా కనిపిస్తుంది, మెర్క్యురిక్ సల్ఫేట్ సరిపడా వేయకపోతే ఉప్పునీళ్ల అంకెలు నమ్మలేం. మిగిలిన గ్లూకోజ్‌ను విడిగా కొలిచి, దాని సీఓడీని తీసేసిన అంకె పక్కన రాస్తున్నాం.

తర్వాతి పరుగుకు మార్పులు

స్పంజి గొట్టం పక్కన అదే కొలతల చెక్క ముక్కల గొట్టం. మొదటి దశలో గ్లూకోజ్ లీటరుకు 0.3 గ్రాములకు తగ్గింపు, నైట్రేట్ రోజూ కొలత. గ్లాబర్ ఉప్పు లీటరుకు 5, 20 గ్రాముల చొప్పున రెండు వరుసలు, రెండింట్లోనూ సల్ఫైడ్ కొలత ఆమ్లం కలపకముందే. తీసేసిన గుళికలు, స్పంజి ముక్కలు, మడ్డి, మూడింటినీ ఆటోక్లేవ్ చేశాక మిథనాల్ కడుగు అంకెతో సహా విడి డబ్బాల్లో ప్రమాదకర వ్యర్థంగా ఉంచాలి, కడిగిన మిథనాల్‌ను ద్రావణి వ్యర్థాల డబ్బాలోకి పోయాలి, సింకులోకి కాదు.